మావ తాగిన నీళ్ళు

నక్కల్ని చూసి జీతం తీసుకున్న రోజులు నాకూ ఉన్నాయంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు, నేను నక్కల్ని సరిగా చూడనూ లేదు, జీతం సరిగా తీసుకోనూ లేదు. జంతుశాస్త్రంతో డిగ్రీ గట్టెక్కి, ఊళ్ళో ఖాళీగా తిరుగుతూ, "ఏటి సేత్తన్నావు బాబూ" అని అడిగిన వాళ్ళందరికీ తలా ఒక అబద్ధం చెప్పి నెట్టుకొస్తున్న కాలం అది. ఆ వయసులో నాకో గొప్ప ధైర్యం ఉండేది. పుస్తకంలో బొమ్మ గుర్తుంటే చాలు, అడవిలో జంతువు దానంతటదే వచ్చి ఎదురుగా నిలబడుతుందనుకునేవాణ్ణి. కొండల్లో నక్కలు ఎక్కడెక్కడ మిగిలాయో చూసి చెప్పడానికి పట్నంలో ఒక సంస్థ వాళ్ళకి మనిషి కావాలంటే వెళ్ళి నిలబడ్డాను (నాతోపాటు ఇంకెవరూ నిలబడలేదు, అందుకే దొరికింది). మెడలో వేసుకునే దుర్భిణి, చెట్లకి కట్టే కెమెరాలు, అట్టముక్కల మీద అంటించిన జంతువుల బొమ్మలు చేతికిచ్చి, అనంతగిరి దాటాక కాఫీ తోటల్లోంచి కిందికి దిగే ఒక చిన్న గూడేనికి తోలారు. ఈ కథ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను. చివరిదాకా నవ్వగలనని మాత్రం మాటివ్వలేను.

గూడెంలో నేనున్నది మావ ఇంట్లో. ఆయన నాకేమీ కాడు, ఊరంతా మావ అంటే నేనూ అన్నాను. ఆ ఇంట్లో ఆడపిల్లలు లేరు కనక ఆ పిలుపువల్ల ఆయనకి గాని నాకు గాని ప్రమాదం లేదు. ఆయన భార్యని అత్త అనేవాణ్ణి. ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు, మాట్లాడితే ఎదుటివాడు మళ్ళీ మాట్లాడేవాడు కాదు. మావ తమ్ముడు చిన్నమావ. పెళ్ళాం పోయాక పక్క గుడిసెలో పడుకుంటూ, తిండికి వదిన దగ్గరికి వచ్చేవాడు. ఆ చిన్నమావే నాకు 'నక్కల బాబు' అని పేరు పెట్టాడు. పెట్టిన పూటే అది కొండ దిగి సంత దాకా వెళ్ళింది, అరటికాయలమ్మే ఆవిడ కూడా నన్ను అలాగే పిలిచింది.

నా పని ఏమిటంటే, నక్క ఏదో, గుంటనక్క ఏదో, రేచుకుక్క ఏదో బొమ్మలు చూపించి, ఎవరు ఎక్కడ దేన్ని చూశారో అడగడం. బూడిదా పసుపూ కలిసిన ఒళ్ళు, కాస్త పొట్టి తోక ఉంటే నక్క. పెద్ద చెవులూ పుల్లల్లాంటి కాళ్ళూ ఉంటే గుంటనక్క, అది మా మైదానం మెట్టల్లో ఎక్కువ. ఒళ్ళంతా ఎర్రగా, తోక నల్లగా ఉండి, గుంపులో తిరిగితే రేచుకుక్క. నేనిలా పాఠం చెబుతుంటే గూడెం ముసలాళ్ళు ఎంతో ఓపిగ్గా వినేవారు, విని అన్ని బొమ్మల్నీ "నక్కే" అనేవారు. పొద్దున్నే కాలిబాటల వెంట తిరిగి, కాఫీ గింజలు కలిసిన నక్క పెంట ఎక్కడ కనిపించినా కవర్లో వేసి తెచ్చేవాణ్ణి. సదువుకున్నోడు ఊరంతా తిరిగి ఏరుకొచ్చేది ఇదా అని ఆడవాళ్ళు ఊట దగ్గర ఎంత నవ్వుకునేవారో చెప్పలేను. ఇక కెమెరాల్లో పడినవి మేకలు, కట్టెల మోపుతో అత్త, రోజూ సాయంత్రం నాలుగు కాళ్ళ మీద వచ్చి కెమెరా ముందు మోర ఎత్తి ఊళపెట్టి పోయే చిన్నమావ. పట్నంలో మా పై ఆఫీసరు ఆ ఫొటోలు చూసి, ఇది ఏ జాతి అని అడిగాడు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ఆ పండగకి మగవాళ్ళంతా కొండెక్కి వేటకి పోతారు, ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళని ఆపి, పాటలు పాడి, పండగ ఖర్చు వసూలు చేస్తారు. ఖాళీ చేతులతో దిగివచ్చిన మగాడికి ఆ తాడు దగ్గర మర్యాద ఉండదు, పేడనీళ్ళు ఉంటాయి. వేట నేరమని అందరికీ తెలుసు. నేను అటవీశాఖ మనిషిని కాదని వంద సార్లు చెప్పినా, మెడలో దుర్భిణి ఉన్నవాణ్ణి ఎవరు నమ్ముతారు? అందుకని నా ఎదుట వేట అనే మాటే అనేవారు కాదు, కొండకెల్తన్నాం అనేవారు. నన్ను తీసుకెళ్ళమంటే, నా సబ్బు వాసనకి ఉన్న జంతువులు కూడా ఒరిస్సా పారిపోతాయని చిన్నమావ తేల్చేశాడు. అలా నేను ఆడవాళ్ళ జట్టులో తాడు పక్కన మిగిలాను.

మధ్యాహ్నం ఎండలో మగవాళ్ళు దిగారు. ఒక్కడి భుజం మీద కూడా ఏమీ లేదు. ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండ ముందుకు జరిపి పాట అందుకున్నారు. అందరూ నవ్వుతూ తిట్టుకుంటూ తడిసి దాటుతున్నారు గాని మావ మాత్రం వెనక నిలబడిపోయాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది, దానికి నెత్తురు అంటింది. అత్త పాట ఆపేసింది. ఏమైందంటే వెదురు మోడు గుచ్చుకుందన్నాడాయన. అత్త తాడు వదలకుండానే వంగి, తువ్వాలు లాగి చూసింది. మణికట్టు దగ్గర పైన రెండు, కింద రెండు గుంటలు.

"వెదురుకి పళ్ళుంటాయేటి?" అంది అత్త. "ఏటి కరిసిందో సెప్పు. సెప్పినదాకా ఈ తాడు దించను."

పండగ నాడు తాడు పట్టుకున్న ఆడదాని మాట ఊరి పెద్ద కూడా దాటకూడదు. మావ ఎండలో నిలబడ్డాడు. అందరూ చుట్టూ చేరారు. ఆ గుంటలు చూస్తే నాకు పుస్తకంలో పుర్రె బొమ్మ గుర్తొచ్చింది, ఆ దూరం, ఆ వరస. నెలల తరబడి నేను వెతుకుతున్న జంతువు నాకు మొదటిసారి కనిపించింది మావ చేతి మీదే. మావ మాత్రం పంది అన్నాడు, తర్వాత ఎలుగు అన్నాడు, ఎలుగైతే చెయ్యి మిగిలేదా అని ఎవరో అంటే తలొంచుకున్నాడు. చివరికి నేలకేసి చూస్తూ "నక్క" అన్నాడు.

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఆయన ఎందుకు దాచాడో అప్పుడర్థమైంది. వేటకెళ్ళి పులి చేతిలో చచ్చినవాడికి కొండల్లో రాయి పాతి మొక్కుతారు, నక్క చేత కరిపించుకున్నవాడి మీద పాట కడతారు, ఆ పాట మనవల దాకా పాడతారు. చిన్నమావ అయితే అక్కడే జరిగినదంతా ఆడి చూపించాడు. డప్పులు మోగుతుంటే పొదలోంచి నక్క వాళ్ళ వైపే వచ్చిందట, తూలుతూ, నోరు వేలాడేసుకుని. కేకలేసినా బెదరలేదట. కుంటిది కాబోలు, ఉత్తి చేతులతో పట్టేస్తానని మావ దాని మెడ పట్టుకున్నాడు, అది చెయ్యి పట్టుకుంది. చిన్నమావ గొడ్డలితో ఒక్కటేశాడు. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు కదా, అన్నయ్య ఏకంగా నక్కనే ఎత్తుకున్నాడు, ఇంకెంత అదృష్టమో అని అతనంటే అందరూ మళ్ళీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. పట్టపగలు, అంత చప్పుడులో, మనుషుల మీదికి నడిచొచ్చిన నక్క మామూలు నక్క కాదు. దానికి పిచ్చెక్కింది, ఇది పిచ్చికుక్క కరిచినదానితో సమానం, సూదులు పడకపోతే మనిషి దక్కడు అని చెప్పాను. నా మాటని ఆ గూడెంలో అంత నిశ్శబ్దంగా విన్నది అదే మొదటిసారి. అత్త తాడు దించేసింది.

ఊట దగ్గర కూర్చోబెట్టి నా బట్టల సబ్బు సగం అరిగేదాకా ఆ చెయ్యి కడిగాను. మంటకి మావ నన్ను తిట్టని తిట్టు లేదు. తర్వాత జీపు పట్టుకుని పైనున్న ఆసుపత్రికి, అక్కడ మొదటి సూది వేసి, గాయంలో వెయ్యాల్సిన మందు కోసం కింద పట్నానికి పంపితే ఘాటు రోడ్డులో పట్నానికి. మావకి పట్నం అదే మొదటిసారి. సముద్రం చూపిస్తానంటే, నన్ను నక్క కరిస్తే సముద్రం ఎందుకు అన్నాడు. ఇంకెవరైనా ఆ నక్కని ముట్టుకున్నారా అని డాక్టరుగారు అడిగితే, తమ్ముడు గొడ్డలితో కొట్టి లోయలో పారేశాడని చెప్పాడు. మాకు తెలిసింది అంతే.

గోరుచుట్టు మీద రోకలిపోటు లాంటి పని నేను చేశాను. మాతో వచ్చిన అత్త దారిలో, జబ్బు వచ్చేదీ రానిదీ ఎలా తెలుస్తుందని అడిగింది. వస్తే నీళ్ళంటే భయం పుడుతుంది, గొంతు దిగవు అని చెప్పాను. అత్త ఊట దగ్గర ఒక్క మనిషికి చెప్పింది. మర్నాడు తెల్లారేసరికి మావ అరుగు ముందు ఊరుంది. ఒకరి చేతిలో చెంబు, ఒకరి చేతిలో ఆనపబుర్ర, ఒక ముసలమ్మ చేతిలో దోసిటంత గిన్నె. తాగు మావా, కొంచెం తాగు మావా అని. ఒక ఇంటి నీళ్ళు తాగి ఇంకో ఇంటివి వద్దంటే వాళ్ళకి కోపం, పైగా అనుమానం. మొదటి నాలుగు రోజులూ ఆయన మురిసిపోయాడు, అల్లుడి మర్యాదల్లాంటివి ఆ వయసులో ఎవరికి జరుగుతాయి? తర్వాత విసుగెత్తింది. దారిలో కనిపించినవాడల్లా నీళ్ళందించి, గొంతు కదిలేదాకా మెడకేసి చూసేవాడు. సంతకి పోతే పక్క గూడెం వాళ్ళు కూడా సీసాలు తెచ్చారు. పొలంలో రెండు చాళ్ళు దున్నడం, పొద చాటుకి పోవడం, ఇదీ ఆయన బతుకు. నక్క నన్ను ఒక్కసారే కరిసింది, మీరు రోజూ కరుత్తన్నారు అని ఒకరోజు అరిచాడు. అరిచినందుకు ఇంకో చెంబు తాగించారు.

ఇంత గొడవలో చిన్నమావ ఒకనాడు నన్ను తన గుడిసెలోకి పిలిచి, ఎర్రగుడ్డ మూట విప్పి చూపించాడు. చిటికెనవేలి కొస అంత ఎముక ముక్క, దానికి నాలుగు వెంట్రుకలు. నక్క కొమ్ము అన్నాడు. నక్కకి కొమ్ముండదని పుస్తకంలో ఉంది, కానీ నక్క తలలో ఎక్కడో ఒక కొమ్ము ఉంటుందనీ, దొరికినవాడికి తిరుగుండదనీ నమ్మేవాళ్ళని నేను కొండల్లో కన్నా మా మైదానంలోనే ఎక్కువ చూశాను. మా ఊరి కిరాణా షావుకారు గల్లాపెట్టెలో రోజూ దానికి సాంబ్రాణి వేసేవాడు. సంతలో దానికోసం అడిగేదీ మావాళ్ళే. నాకు ఎముక మీద ధ్యాస లేదు. ఎక్కడిదని అడిగాను. లోయలో పారేసింది ఒళ్ళే, తల మాత్రం ఎవరి కంటా పడకుండా తెచ్చుకున్నాడు. కత్తితో పుర్రె చీల్చి, లోపలంతా చేత్తో వెతికాడు. ఆ చేతులు చూశాను. పండగ ముందు పొదలు కొట్టిన చేతులు, ముళ్ళు గీరుకుపోయి, బొటనవేలి మీద ఇంకా పచ్చి ఆరని ఆనాటి కత్తి గాటు.

ఆ రోజు మొదలు నాకు నక్కల పని లేదు, చిన్నమావే పని. జబ్బు దాని పళ్ళలో కాదు, ఉమ్ములోనూ మెదడులోనూ ఉంటుంది, నువ్వు దాంట్లో చేతులు పెట్టావు అని చెప్పాను, బొమ్మ గీసి చెప్పాను, బతిమాలాను. అతను నా భుజం తట్టేవాడు.

"కరిసినోడికి కదా బాబూ సూది. నన్నది కరవనేదు. లెక్క సూత్తే నానే దాన్ని కరిసినాను."

ఆసుపత్రి సిస్టరమ్మ మంచి మనిషి, మందు డబ్బా చంకన పెట్టుకుని గూడేనికే నడిచొచ్చింది. చిన్నమావ కల్లు దించే జీలుగు చెట్టెక్కి కూర్చుని, ఆవిడ మీద పాట కట్టి పాడాడు. ఆవిడకి కోపమూ నవ్వూ రెండూ వచ్చి, ఎండ దిగేదాకా చెట్టు కింద కాపలా ఉండి వెళ్ళిపోయింది. అత్త సూది వేయించుకుంటే గాని అన్నం లేదంది. అతను ఊళ్ళో తలో ఇంట్లో తిని, వదిన చేతి వంటే బాగుంటుందని వినపడేలా చెప్పి పోయాడు. పండగ రోజులైతే దారికి తాడు కట్టి ఆపేసేవాళ్ళం. పండగ వెళ్ళిపోయింది, మామూలు రోజుల్లో తాడు ఉత్త తాడే. మావ కూడా తిట్టి చూశాడు. ఈ నీళ్ళ బాధ నాకెందుకన్నా అని నవ్వాడు తమ్ముడు.

అతను మెత్తబడే రోజు ఒకటి వచ్చిందనే ఇప్పటికీ అనుకుంటాను. సంతకి దిగినప్పుడు ఆసుపత్రికి వస్తాలే, నీ పోరు పడలేను అన్నాడు నాతో. సంత ఇంకో రెండు పొద్దుల్లో ఉంది. ఆ మధ్యలో మావ ఊరి నీళ్ళ బాధ పడలేక, పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా కొండ పైన తన జీలుగు చెట్టు దగ్గరికి పోయి, దించిన కల్లంతా ఒక్కడే తాగి దిగాడు. తూలుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీసాలకి తెల్లటి నురగ. దారిలో ముసలమ్మ గిన్నె చాపితే విసిరి కొట్టాడు. ఇంకొకరు చెంబు అందిస్తే, ఆ కడుపులో ఇంక చుక్క పట్టే చోటు లేక, రెండు చేతులూ అడ్డం పెట్టి వద్దు వద్దని కేకలేశాడు.

ఏడుపులు కొండకి తగిలి తిరిగొచ్చాయి. కుందేళ్ళ వల తెచ్చి ఆయన మీద వేశారు. ఆయన వలలో గింజుకుంటూ తిడుతుంటే, మొరుగుతున్నాడన్నారు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద కూలబడింది. ఇక నేను? జంతుశాస్త్రం చదివినవాణ్ణి, ఆనవాళ్ళు గుర్తుపట్టడమే ఉద్యోగమైనవాణ్ణి, పది అడుగుల అవతల నిలబడి, సూదులన్నీ పడ్డాయి కదా ఎలా వచ్చింది, ఎలా వచ్చింది అని గొణుక్కుంటున్నాను. ఒక్క అడుగు ముందుకేస్తే కల్లు వాసన తగిలేది. ఎవరూ వెయ్యలేదు. వేసినవాడు చిన్నమావ ఒక్కడే. పరిగెత్తుకొచ్చి, వల కిందికి చెయ్యి పెట్టి, అన్న నుదుటి మీద ఎర్రగుడ్డ మూట అదిమిపట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి మావ గింజుకోవడం మానేసి గుర్రు పెట్టాడు. పొద్దు వాలుతుండగా లేచి, ఇదేటి నామీద వల ఏసినారు అని అడిగి, దాహంగా ఉందన్నాడు. చెంబు కాదు, కుండ ఎత్తి తాగాడు. గొంతు గడగడలాడుతుంటే ఊరంతా నిలబడి చూసింది.

ఆ తర్వాత ఎంత నవ్వామో. నేనైతే కన్నీళ్ళొచ్చేలా నవ్వాను, ప్రాణం లేచొచ్చిన నవ్వు అది. కల్లు, మావ తాగింది కల్లు, మనమంతా వెర్రివాళ్ళం అని అందరికీ చెబుతున్నాను. చిన్నమావ నవ్వలేదు. మూట జాగ్రత్తగా మొలలో దోపుకున్నాడు.

"కల్లు తాగినోడు రోజూ ఉంటాడు. రోజూ ఇలగ సచ్చి లేసినాడేటి?" అన్నాడు. "అన్నని సూది బతికించిందో, కొమ్ము బతికించిందో, నీకేటి తెలుసు బాబూ?"

నా దగ్గర జవాబు ఉంది, కానీ ఆ రోజు ఆ గూడెంలో అందరి కళ్ళూ చూసింది కొమ్మునే. సంత రోజు చిన్నమావ ఆసుపత్రి వైపు తిరగలేదు. నేను గుర్తుచేస్తే, అన్న నుదుటి మీద పనిచేసింది నా మొలలో పనిచెయ్యదా అని నవ్వి, నాకు ఒక అరటిపండు కొనిచ్చాడు.

తొలకరి పడి చోళ్ళు, అంటే రాగులు, చల్లే రోజుల్లో చిన్నమావ తన కుడిచేతి మీద చీమలు పాకినట్టు ఉందన్నాడు. మందేదో నూరి రాసుకున్నాడు. నేను సిస్టరమ్మకి కబురు పెట్టాను. మర్నాడు వదిన దగ్గరికి తిండికి వచ్చి, అంబలి ముంత నోటి దాకా తెచ్చి, దించేశాడు. మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించేశాడు. అరుగు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. పొద్దున్నే చెట్టెక్కీసినావా అని ఒకడు అడిగాడు. ఒకసారి ఏడ్చి నవ్వులపాలైన ఊరికి రెండోసారి ఏడవడానికి సిగ్గు. మావ మాత్రం లేచి వెళ్ళి, తమ్ముడి మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూశాడు. కల్లు వాసన లేదు. ఆ క్షణంలో మావ మొహం నేను మర్చిపోవడానికి చాలా ప్రయత్నించాను.

చెంబుతో నీళ్ళు తెచ్చింది మావే. తాగరా అన్నాడు. చిన్నమావ నవ్వబోయాడు, అది అతనికి అలవాటు. చెంబు దగ్గరికి రాగానే మెడ బిగుసుకుని, తల పక్కకి తిరిగిపోయింది. అతను తిప్పలేదు, అదే తిరిగింది. చేత్తో పట్టుకుని తలని మళ్ళీ చెంబు వైపు తిప్పుకోబోయాడు. అది చూసి ఎవరూ నవ్వలేదు.

డోలీ కట్టి మోసుకెళ్ళాం. రోడ్డు దాకా ఎక్కడం, పైగా వాన. ఒక్కో చినుకు మొహం మీద పడినప్పుడు అతని ఒళ్ళంతా ఎగిరిపడేది. అత్త అడ్డాకులు కుట్టిన గొడుగు అతని మొహానికి పట్టుకుని, తను తడుస్తూ డోలీ పక్కన పరిగెత్తింది. మధ్యలో బాగా తెలివిగా ఉన్న ఒక నిమిషంలో మూట తీసి అన్న చేతిలో పెట్టాడు. నీకు బాగా పని సేసింది అన్నా, నువ్వే ఉంచుకో అన్నాడు. నిజంగా నమ్మే ఇచ్చాడు. ఆసుపత్రిలో వాళ్ళు చెయ్యగలిగింది అతన్ని నిద్రపుచ్చడం ఒక్కటే, ఆ పని దయగా చేశారు. రెండో రోజు పోయాడు.

దహనం అయ్యాక మావ ఊట గట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"నా నీళ్ళు నాను తాగీసినాను బాబూ," అన్నాడు చివరికి. "ఆడి నీళ్ళు కూడా నానే తాగీసినాను."

ఊరంతా నెలల తరబడి ఒక్క గొంతుకేసే చూసింది. పక్కన నవ్వుతున్న గొంతుకి ఎవరూ ఒక్క చెంబు అందించలేదు. నేను ఏడ్చాను. ఆ ఎముకని మావ ఏం చేశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వర్షాలు ముదిరే ముందే కెమెరాలు విప్పుకుని కొండ దిగిపోయాను. ఎన్ని నక్కల్ని చూశావని పట్నంలో అడిగితే, ఒక్కదాన్నీ చూడలేదన్నాను. నన్ను మళ్ళీ పిలవలేదు.

ఇప్పుడు నేను కింద ఊళ్ళో బడిపిల్లలకి సైన్సు చెప్పుకుని బతుకుతున్నాను. ఎండాకాలం సెలవుల్లో కొండెక్కుతుంటాను. మావ ముసలివాడయ్యాడు. చుట్టుపక్కల గూడేల్లో ఏ కుక్క ఎవరిని కరిచినా ముందు ఆయనకే కబురొస్తుంది. గీరినా సరే, నాకినా సరే, చెట్టెక్కినా సరే, దింపి, తిట్టి, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోతాడు. ఆయన రెక్క పట్టుకుంటే విడిపించుకున్నవాడు లేడని చెబుతారు.

మొన్న వెళ్ళినప్పుడు పొద్దున్నే ఇద్దరం చోళ్ళ మడి గట్టు మీద నడుస్తున్నాం. కాఫీ మొక్కల అంచున బూడిదరంగుగా ఏదో కదిలింది. నక్క. కాస్త పొట్టి తోక, కొసన నలుపు, నిటారు చెవులు, అన్నీ బొమ్మలో ఉన్నట్టే. నా జన్మలో నేను అంత దగ్గరగా చూసిన మొదటి నక్క. అది మా ఇద్దరినీ ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి, ప్రాణభయంతో పరుగు తీసింది. మావ నిలబడిపోయాడు. కుడి మణికట్టు ఎడంచేత్తో పట్టుకున్నాడు.

"బయపడింది," అన్నాడు. "బాగున్నట్టే."

మెడలో దుర్భిణి వేసుకుని తిరిగిన ఆనాటి కుర్రవాడే గనక నా స్థానంలో ఉండుంటే, ఫొటోకి కూడా ఆగకుండా పారిపోయిందని దాన్ని తిట్టుకుని, రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేవాడు. పాపం, వాడికి నక్క దగ్గరికి రావాలని అంత ఆశ. వాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది, జాలీ వేసింది. నేను మాత్రం అది ఆకుల్లో పూర్తిగా కనుమరుగయ్యేదాకా చూసి, అమ్మయ్య అనుకున్నాను.